కోడికి పొడి, బాతుకు తడి: ఒకే పెరట్లో రెండూ పెంచాలంటే

పొద్దున్నే గూటి తలుపు తీస్తే చాలు, రెండింటి స్వభావం అక్కడే తెలిసిపోతుంది. కోళ్లు గడప దగ్గర ఆగుతాయి. మెడ చాచి అటూ ఇటూ చూసి, ఒక్కో కాలు ఎత్తి పెట్టుకుంటూ బయటికొస్తాయి. ఈలోగా బాతులు వాటి కాళ్ల సందుల్లోంచి దూరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నగా నీళ్ల తొట్టి మీద పడతాయి. ముక్కు ముంచుతాయి, తల ముంచుతాయి, వీపు మీదికి నీళ్లు చిమ్ముకుంటాయి. ఆ తడి ముక్కుతోనే పక్కనున్న మట్టిని తవ్వి, నోట్లోది తెచ్చి తొట్టిలో కడుగుతాయి. పది నిమిషాల్లో తొట్టిలో మిగిలేది బురద. అప్పుడు తీరిగ్గా కోడి వస్తుంది. గుక్కెడు నీళ్లు తాగుదామని తొట్టిలోకి తొంగి చూసి, తర్వాత మన వంక చూస్తుంది.

కోళ్లనూ బాతులనూ కలిపి పెంచొచ్చా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పెంచొచ్చు. పోట్లాటలు, మేత, గూడు, అన్నీ సర్దుకుంటాయి. సర్దుకోనిది నీళ్లు మాత్రమే. కోడి పొడి నేల మీద బతికే పక్షి. కాళ్ల కింద తడి ఉంటే దానికి జబ్బే. బాతుకు తడి లేకపోతే కళ్లు, ముక్కు, ఈకలు అన్నీ పాడవుతాయి. నీళ్లు ఎక్కడ పెట్టాలి, ఎటు పోవాలి అన్నది ముందే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. నేను మొదటి ఏడాది ఇది తేల్చుకోకుండా బాతుల తొట్టిని గూటి తలుపు పక్కనే పెట్టాను, నింపడం సులువని. నెల తిరక్కుండా గూట్లో ఊకంతా ముద్దయి, లోపలికి తల పెడితే కళ్లు మండేంత ఘాటు. ఆ వారమే గూటిని కాకుండా తొట్టిని మార్చాను.

ముందు లెక్క కుదుర్చుకోండి

కోడైనా బాతైనా ఒంటరిగా బతకదు. ఒక బాతును తెచ్చి కోళ్లలో వదిలితే అది కోళ్ల వెనక తిరుగుతుంది గానీ, దాని మాట అర్థమయ్యేవాళ్లు అక్కడ ఉండరు. తక్కువలో తక్కువ మూడు కోళ్లు, మూడు బాతులతో మొదలుపెట్టండి. రెండేసి చాలవా అంటే, రెండిట్లో ఒకటి చనిపోతే మిగిలింది ఒంటరిదవుతుంది.

అన్నీ ఆడవే తీసుకోండి. గుడ్లకు పుంజు అవసరం లేదు. పొదిగించాలంటేనే కావాలి. పుంజు ఉంటే ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలు. మగబాతు సంగతి వేరు. దానికి పుంజుకు లేని జననాంగం ఉంటుంది, పైగా దాని కోర్కెకు హద్దు ఉండదు. ఆడబాతులు తక్కువైతే కోళ్ల మీద పడుతుంది, దాంతో కోడికి లోపల గాయాలై చచ్చిపోవడం కూడా జరుగుతుంది. మగబాతును పెంచాలనుకుంటే దానికి నాలుగైదు ఆడబాతులైనా ఉండాలి. అప్పటికీ అది కోళ్ల వెంట పడుతుంటే మధ్యలో కంచె వేయాల్సిందే.

పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా తేల్చడం కష్టం. బాతుల్లో మాత్రం ఒక సులువు ఉంది, గొంతు. ఆరేడు వారాలు దాటాక ఆడబాతు గట్టిగా 'క్వాక్ క్వాక్' అంటుంది, మగది జలుబు చేసినట్టు గుసగుసలాడుతుంది. వీధంతా వినిపించే అరుపు ఆడదానిదే. ఇరుగుపొరుగు గోడ ఆనుకుని ఉంటే మస్కోవీ జాతి గురించి ఆలోచించండి, అవి బుస కొట్టినట్టు మాట్లాడతాయి తప్ప అరవవు. గుడ్లే ముఖ్యమంటే ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు. బాగా చూసుకుంటే ఏడాదికి 250 నుంచి 300 దాకా పెడతాయి, చాలా కోళ్లను దాటేస్తాయి. మీరుండే చోట పెరట్లో పక్షులు పెంచుకోవడానికి అనుమతి ఉందో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి, గూడు కట్టాక కాదు.

గూడు

లోపల కోడికి 4 చదరపు అడుగులు, బాతుకు 5 చదరపు అడుగులు లెక్క వేసుకోండి. బయట తిరిగే దొడ్డిలో ఒక్కోదానికి 10 నుంచి 15 చదరపు అడుగులు. ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. ఇరుకైన చోట పొడుచుకోవడం మొదలవుతుంది, ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం మహా కష్టం.

ఒకే గూడు రెండింటికీ పనికొస్తుంది గానీ లోపల చోటు పంచాలి. కోడి రాత్రి కొమ్మెక్కి పడుకునే జాతి. దానికి అడ్డంగా ఒక దుంగ కావాలి, కోడికి 8 నుంచి 10 అంగుళాల చొప్పున. దుంగ మరీ సన్నగా ఉండకూడదు, రెండంగుళాల వెడల్పుండి అంచులు నునుపుగా ఉంటే కాలివేళ్ల మీద పొట్ట ఆనించి హాయిగా పడుకుంటుంది. బాతు నేల మీదే పడుకుంటుంది. కాబట్టి దుంగ కింద బాతులు చేరకుండా చూడాలి, లేకపోతే రాత్రంతా పైనుంచి కోళ్ల రెట్ట వాటి వీపుల మీద పడుతుంది. నేను దుంగను ఒక గోడవైపు పెట్టి, దాని కింద పలక వేసి, అవతలి గోడవైపు బాతులకు మందంగా ఊక పోస్తాను. పలక మీద రెట్టను పొద్దున్నే గీరేస్తే సరిపోతుంది.

గుడ్ల పెట్టెలు నాలుగైదు కోళ్లకు ఒకటి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, నేలకు కాస్త ఎత్తున, దుంగ కన్నా మాత్రం కింద. దుంగ కన్నా ఎత్తున పెడితే అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి. బాతులకు పెట్టె అక్కర్లేదు, మూలన కాస్త గడ్డి కుప్ప వేస్తే చాలు. అదీ వాడవు చాలాసార్లు. గూటి మధ్యలో, తలుపుకు అడ్డంగా, తమకు తోచిన చోట పెట్టి లేచిపోతాయి.

గాలి సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చలికి భయపడి సందులన్నీ మూసేస్తారు. ఈకలున్న పక్షికి చలి కన్నా తేమ ఎక్కువ చేటు. అవి రాత్రంతా వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది, రెట్టలో తేమ ఉంటుంది, బాతు ఈకల మీద తేమ ఉంటుంది. పక్షులు పడుకునే ఎత్తు కన్నా పైన, రెండు గోడల్లోనూ ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీలు వదలండి. మోకాళ్ల మీద కూర్చుని బాతు ముక్కుండే ఎత్తులో ఒకసారి గాలి పీల్చి చూడండి. మీ ముక్కుకు ఘాటు తగిలితే వాటికి ఎప్పుడో తగిలింది.

ఇక దొంగలు. పిల్లి, కుక్క, ముంగిస, పాము, పందికొక్కు, గద్ద... ఊరిని బట్టి దొంగ మారుతుంది గానీ దొంగ లేని ఊరు లేదు. కోళ్ల వల అని అమ్మే ఆరు మూలల సన్న తీగ వల కోళ్లను లోపల ఉంచడానికే పనికొస్తుంది, బయటివాణ్ని ఆపడానికి కాదు. కుక్క పళ్లతో చీల్చేస్తుంది. అరంగుళం గళ్ల వెల్డింగ్ మెష్ వేయండి. అంచును నేల కింద అడుగు లోతుకు పాతండి, లేదా బయటివైపు నేల మీదే అడుగున్నర వెడల్పు పరిచి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, కాలి కింద వల తగలగానే ఆగిపోతుంది. గొళ్లెం ఒక్కటి చాలదు, దానికి కొక్కెం కూడా కావాలి. ఒక రాత్రి కొక్కెం వేయడం మర్చిపోయాను. పొద్దున్న తలుపు వారగా తెరిచి ఉంది, గడప మీద గుప్పెడు ఎర్ర ఈకలు. ఆ రోజు నుంచి పడుకునే ముందు టార్చి పట్టుకుని వెళ్లి కొక్కేన్ని చేత్తో తాకి వస్తాను, చూస్తే నమ్మను.

నీళ్లు

ఈ ఒక్కదాని మీద తీరిగ్గా కూర్చుని ఆలోచించండి.

గుడ్లు పెట్టే కోడి రోజుకు దాదాపు పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఎండల్లో అంతకు రెట్టింపు. బాతుకు లీటరు దాకా కావాలి, ఒలకబోసేది దానికి అదనం. బాతు ఎందుకలా చేస్తుందో తెలిస్తే కోపం రాదు. దాని ముక్కు పైభాగాన ఉండే రంధ్రాల్లో మేత పొడి, మట్టి చేరుతుంది. తల ముంచి నీళ్లు ఊదితేనే అది పోతుంది. కళ్లు కడుక్కునేదీ అలాగే. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి, ఆ నూనెను ఈకలకు పట్టించుకుంటుంది. స్నానం లేకపోతే ఆ పని సాగదు, ఈకలు నీళ్లను ఆపవు. అందుకని చెరువు తవ్వక్కర్లేదు. తల మొత్తం మునిగే లోతున్న తొట్టి, అంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు, అది ఉంటే చాలు. ఈదడానికి వారానికి రెండు మూడుసార్లు పెద్ద టబ్ నింపితే పండగే.

ఏర్పాటు ఇలా చేయండి. దొడ్డి నేల ఎటు వాలిందో చూడండి. తెలియకపోతే ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పారతాయో గమనించండి. ఎత్తున్న వైపు గూడు, పల్లం వైపు బాతుల తొట్టి. తొట్టి పెట్టే చోట మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వి అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్న కంకర నింపండి. దాని మీద గట్టి మెష్ గానీ ప్లాస్టిక్ జల్లెడ పలక గానీ పరిచి తొట్టిని ఆ మధ్యలో పెట్టండి. ఒలికిన నీళ్లు రాళ్లలోకి దిగిపోతాయి, తడి మట్టి బాతు ముక్కుకు అందదు కాబట్టి బురద తయారవదు. కంకర గుండ్రటి రకం చూడండి. పదునైన రాయి బాతు పాదాన్ని కోస్తుంది, ఆ కోతలోంచే పాదం వాపు మొదలవుతుంది. ఏడాదికోసారి పై కంకర తీసి కడగాలి, లేకపోతే రెట్ట పేరుకుని గొయ్యి మూసుకుపోతుంది.

తొట్టికి మూత పెట్టి, మూతలో బాతు తల దూరేంత కన్నాలు కోస్తే ఇంకా మేలు. తల ముంచుకోగలవు, ఎక్కి కూర్చోలేవు. నీళ్లు రోజంతా కాస్త తాగేలా ఉంటాయి. సాయంత్రం ఆ మురికి నీళ్లను పారబోయకండి, చెట్ల మొదట్లో పోయండి. అందులో ఉన్నది ఎరువే. ఆకుకూరల మీద మాత్రం పోయొద్దు, రెట్టలో మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా ఉండొచ్చు.

కోళ్ల నీళ్లు వేరే చోట, ఎత్తున. ఇటుకల మీద పెట్టి, కోడి వీపు ఎత్తుకు తేవాలి. నిపుల్ డ్రింకర్ వేలాడదీస్తే ఇంకా హాయి, ముక్కుతో పొడిస్తే చుక్క దిగుతుంది, బాతు ఎంత ప్రయత్నించినా అందులో మట్టి కడగలేదు. నిపుల్‌ను కోడి మెడ చాచి అందుకునేంత ఎత్తున కట్టండి. కొత్తలో రెండు మూడు రోజులు కోళ్లకు అలవాటయిందో లేదో చూస్తుండాలి, ఒక రోజంతా నీళ్లు అందకపోతే చాలా రోజులు గుడ్లు తగ్గిపోతాయి.

మేత, నీళ్లు రెండూ బాతుకు దగ్గరదగ్గర ఉండాలి. పొడి మేత గొంతులో పడితే నీళ్లతో దింపుకోవాలి దానికి. మేత పెట్టి నీళ్లు పెట్టకపోవడం బాతు విషయంలో ప్రమాదం. అందుకే రాత్రి గూట్లో రెండూ తీసేస్తాను. మేత లేనప్పుడు పెద్ద బాతులు తెల్లారేదాకా నీళ్లు లేకుండా ఉండగలవు, ఊక పొడిగా మిగులుతుంది. పిల్లలకు ఇది వర్తించదు, వాటికి రాత్రీ పగలూ రెండూ ఉండాలి.

పిల్లలు వచ్చిన రోజు

కోడిపిల్లల్ని, బాతుపిల్లల్ని ఒకే పెట్టెలో పెంచొద్దు. ముద్దుగా ఉంటాయి నిజమే. కానీ బాతుపిల్ల నీళ్ల గిన్నెలో దిగి పెట్టెనంతా తడిపేస్తుంది, తడిసిన కోడిపిల్ల చలికి ముడుచుకుని సాయంత్రానికి చచ్చిపోతుంది.

కోడిపిల్లలకు మొదటి వారం వేడినిచ్చే బల్బు దీపం కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. బాతుపిల్లలకు 32తో మొదలుపెట్టి ఇంకాస్త తొందరగా తగ్గించొచ్చు. థర్మామీటర్ లేదని టెన్షన్ పడక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. దీపం కింద గుట్టగా పడి కీచుమంటుంటే చలి. గోడలకు అతుక్కుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. పెట్టెంతా చెదురుమదురుగా పడుకుని, తింటూ, ఒకటి మీద ఒకటి తొక్కుకుంటూ పోతుంటే సరిపోయింది. దీపం మధ్యలో కాకుండా ఒక పక్కకు పెట్టండి, వేడి ఎక్కువైతే జరగడానికి చోటుంటుంది.

పెట్టెలోకి దింపేటప్పుడు ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ఒకసారి తాకించండి. అది చాలు, ఇక నేర్పక్కర్లేదు. కోడిపిల్లల నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయండి, అంగుళం నీళ్లలో కూడా మునిగిపోతాయి. బాతుపిల్లలు ఈదుతాయి కదా అని తొట్టిలో వదిలి వెళ్లొద్దు. తల్లి దగ్గర లేని పిల్లల నూగు నీళ్లు పీల్చేసుకుంటుంది, అలసిపోయి గట్టెక్కలేక మునుగుతాయి. మొదటి వారాల్లో ఐదు నిమిషాలు, గోరువెచ్చని నీళ్లు, మీరు పక్కన. తర్వాత తుడిచి దీపం కింద పెట్టాలి.

బాతుపిల్లలు పుట్టగానే చూసిన కదిలే దాని వెంట పడతాయి. ఆ స్వభావం మీద జంతువుల ప్రవర్తనను గమనించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1935లో రాశారు, ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. మా ఇంట్లో నోబెల్ రాలేదు గానీ, ఒక తడవ నా చెప్పుల వెంట ఐదు పిల్లలు మూడు వారాలు నడిచాయి. ఏ చెప్పులంటే ఆ చెప్పులు కాదు, నీలం రంగువే.

మేత

పిల్లలకు స్టార్టర్ మేత, మాంసకృత్తులు 20 శాతం. బాతుపిల్లలకు రెండు మూడు వారాలు దాటాక 16 నుంచి 18 శాతానికి తగ్గించండి. బలం ఎక్కువైతే రెక్క చివర ఎముక కన్నా ఈకల బరువు ముందు పెరిగి, రెక్క బయటికి తిరిగిపోతుంది. తొలిరోజుల్లోనే చూసి రెక్కను ఒంటికి ఆనించి మెత్తటి గుడ్డతో కొన్నాళ్లు కడితే సరవుతుంది. ముదిరితే ఇక తిరగదు.

కోళ్ల మేతే బాతులకు పెట్టొచ్చు, ఒక లోటు తీర్చాలి. బాతుపిల్లకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లకు కావాల్సిన దానికి దాదాపు రెట్టింపు కావాలి. అది చాలకపోతే కాళ్లు వంకరపోతాయి, మడమ కీళ్లు వాస్తాయి, పిల్ల నడవలేక కూలబడుతుంది. మేతలో బ్రూవర్స్ ఈస్ట్, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి, కలిపితే తీరుతుంది. కప్పు మేతకు ఒక చెంచా అని నా లెక్క. మందు కలిపిన స్టార్టర్ మేత కొంటే ఆ మందు బాతులకు పడుతుందో లేదో పశువైద్యుణ్ని అడిగాకే పెట్టండి. బాతులు కోళ్ల కన్నా ఎక్కువ తింటాయి, కాబట్టి ఎక్కువ మందు లోపలికి పోతుంది.

గుడ్లు మొదలయ్యే వేళకు, సుమారు 18 నుంచి 20 వారాలకు, లేయర్ మేతకు మారండి. అందులో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. అంతకు ముందే పెడితే పెరిగే పక్షి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒక గుడ్డు పెంకుకు రెండు గ్రాముల కాల్షియం పడుతుంది, అదీ ఎక్కువగా రాత్రిళ్లు పెంకు కట్టేటప్పుడు. అందుకే ఆల్చిప్పల పొడిని మేతలో కలపకుండా వేరే గిన్నెలో సాయంత్రం అందేలా పెడతాను. కావాల్సింది తింటుంది, వద్దన్నది వదిలేస్తుంది.

రోజుకు కోడికి 110 నుంచి 120 గ్రాములు, బాతుకు 150 నుంచి 170. బయట తిరిగి పురుగూ పుట్రా, గడ్డీ ఏరుకుంటే అంత తినవు. పళ్లు లేవు కదా, కందనకాయలో నూరుకోవడానికి చిన్న ఇసుక రాళ్లు అందుబాటులో ఉండాలి. వంటింటి మిగులు పెట్టొచ్చు, మేతలో పదో వంతుకు మించకుండా. అవకాడో, చాక్లెట్, పచ్చి రాజ్మా, ఉప్పు ఎక్కువున్నవి వద్దు. బూజు పట్టిన గింజ మాత్రం ఎంత కొంచెమైనా పారేయండి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌కు కోళ్ల కన్నా బాతుపిల్లలు చాలా తొందరగా బలవుతాయి. 'కాస్త ఎండబెడితే పోతుందిలే' అనుకోవద్దు, బూజు పోయినా విషం పోదు.

కొత్తవాటిని కలపడం

కొత్త పక్షి వస్తే నెల రోజులు విడిగా. వేరే గిన్నెలు, వేరే చెప్పులు, పాతవాటికి మేత పెట్టాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. ఆరోగ్యంగా కనిపించే పక్షి కూడా జబ్బు మోసుకు రావచ్చు. నెల దాటాక వారం రోజులు మధ్యలో వల ఉంచి చూసుకోనివ్వండి. ఆ తర్వాత మేత రెండు మూడు చోట్ల పెట్టి వల తీసేయండి.

పొడుచుకుంటాయి. పొడుచుకోనివ్వండి. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవొచ్చన్న వరస ఉంటుంది. నార్వేకు చెందిన జంతు శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బే చిన్నప్పటి నుంచీ కోళ్లను గమనించి 1921లో ఆ వరస గురించి రాశారు. వరస తేలేదాకా రెండు మూడు రోజులు గొడవ ఉంటుంది. రక్తం కనబడితే మాత్రం ఆ పక్షిని వెంటనే తీసేయండి, ఎర్ర చుక్క కనబడితే అన్నీ దాని మీదే పడతాయి. కోళ్లకూ బాతులకూ మధ్య మొదట్లో గుర్రుమనుకోవడం ఉన్నా, తర్వాత ఎవరి లోకం వాళ్లది. ఒక్క మేత గిన్నె దగ్గరే కోడి పెత్తనం చేస్తుంది. బాతు వాదించదు, తడి ముక్కుతో వచ్చి గిన్నెలో మేతంతా ముద్ద చేసి పోతుంది.

గుడ్లు

కోడికి గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకే ఈరోజు ఎనిమిదింటికి పెడితే రేపు తొమ్మిదింటికి, అలా జరిగి జరిగి ఒక రోజు సెలవు పెడుతుంది. బాతు తెల్లవారుజామునే కానిచ్చేస్తుంది. ఎనిమిది, తొమ్మిది దాకా తలుపు తీయకుండా ఉంటే గుడ్లు గూట్లోనే దొరుకుతాయి. ముందే వదిలితే పొదల్లో వెతుక్కోవాలి, ఒక్కోసారి నీళ్ల తొట్టి అడుగున కూడా.

పైన కనబడని పొర ఒకటి గుడ్డును కాపాడుతుంది, కడిగితే పోతుంది. శుభ్రంగా ఉన్నవాటిని కడగకండి. మురికి ఉంటే గుడ్డు కన్నా వెచ్చని నీళ్లతో కడిగి వెంటనే వాడుకోండి. చల్లటి నీళ్లలో కడిగితే లోపలిది కుంచించుకుని బయటి మురికిని పీల్చుకుంటుంది.

పొదిగించాలనుకుంటే కోడి గుడ్డుకు 21 రోజులు, బాతు గుడ్డుకు 28, మస్కోవీకి 35. బాతులు చాలావరకు పొదగడంలో బద్ధకిస్తాయి, పొదుగుడు కోడి కింద పెట్టడమే నయం. రెండు రకాలూ ఒకే కోడి కింద పెట్టాలంటే బాతు గుడ్లు వారం ముందు పెట్టండి, అన్నీ ఒకేసారి పగులుతాయి. ఆ తర్వాత జరిగేది చూడాల్సిందే. పిల్లల్ని వెంటేసుకుని కోడి తొట్టి పక్కగా పోతుంటే సగం పిల్లలు టపటపా నీళ్లలో దూకేస్తాయి. గట్టు మీద కోడి అటూ ఇటూ పరుగులు పెడుతూ గగ్గోలు పెడుతుంది. అవి మాత్రం తమ పాటికి ఈదుతుంటాయి.

ఒంట్లో బాగోలేనప్పుడు

రోజూ పొద్దున తలుపు తీసేటప్పుడే సగం వైద్యం. మేతకు రాని పక్షి ఏది? ఈకలు ఉబ్బించుకుని తూగుతున్నది ఏది? రెట్ట ఎలా ఉంది? కోడి ఎనిమిది పదిసార్లు మామూలుగా వేశాక ఒకసారి గోధుమరంగులో జిగటగా, కంపు కొట్టేలా వేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి హడలిపోతారు, అది మామూలే. రక్తం, ఆకుపచ్చ నీళ్లు, రోజంతా తెల్లటి పారుడు, ఇవి మామూలు కావు.

కోడిపేల కోసం రెక్కల కింద, తోక కింద చూడండి. ఎర్ర నల్లులైతే పగలు కనబడవు, దుంగ పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. చీకటి పడ్డాక దుంగ కింద తెల్ల కాగితంతో తుడిచి చూడండి, ఎర్ర మరకలు పడితే అవే. కోళ్లకు పొడి మట్టి, ఇసుక కలిపిన గుంట ఎప్పుడూ ఉండాలి, వాటి స్నానం అదే. వాన తడవని చోట పెట్టండి. బాతులు దాన్ని కూడా తడపాలనే చూస్తాయి.

కొక్కెర తెగులు, మశూచి లాంటివాటికి టీకాలున్నాయి, బాతు ప్లేగుకూ ఉంది. ఏ వయసులో ఏది వేయించాలో దగ్గర్లోని పశువైద్యుణ్ని అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. బర్డ్ ఫ్లూ విషయంలో బాతులు మరీ మోసం, ఏ లక్షణమూ లేకుండా వైరస్‌ను మోయగలవు. అడవి పక్షులు దిగే చెరువు నీళ్లు తెచ్చి పోయకండి, మేత ఆరుబయట వదలకండి. ఒకేసారి రెండు మూడు పక్షులు హఠాత్తుగా చనిపోతే వాటిని చేత్తో ముట్టుకోకుండా, ఎవరికీ ఇవ్వకుండా, పశువైద్య శాఖకు చెప్పాలి.

ఎండల్లో కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దారి. 32 డిగ్రీలు దాటితే నీడ, చల్లని నీళ్లు, గాలి చూడండి. రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసి, తూలుతుంటే కాళ్లు చల్లని నీళ్లలో పెట్టించండి. మంచు నీళ్లు వద్దు.

తోటివాళ్లను అడిగేటప్పుడు

పక్షులు పెంచేవాళ్లం ఎప్పుడు కలిసినా మాటలన్నీ రెట్ట దగ్గర మొదలై రెట్ట దగ్గరే ముగుస్తాయి, బయటివాళ్లు వింటే నవ్వుతారు. ఆ మాటల్లో దొరికేంత సాయం ఇంకెక్కడా దొరకదు, అడగడం తెలిస్తే. మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మా కోడి డల్‌గా ఉంది. ఏం మందు వేయమంటావ్?"

"డల్‌గా అంటే? తింటోందా?"

"తినట్లేదు."

"గుడ్డు ఎప్పుడు పెట్టింది?"

"మొన్న అనుకుంటా. నిన్నటి నుంచి నిటారుగా నిలబడుతోంది, తోక కిందికీ పైకీ ఆడిస్తోంది."

డల్‌గా అన్న మాటలో ఏమీ లేదు, ఈ చివరి ముక్కలోనే అంతా ఉంది. గుడ్డు అడ్డం పడినట్టుంది. గోరువెచ్చని నీళ్లలో నడుము దాకా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్న పెట్టెలో ఉంచమన్నాను. గంటా రెండు గంటల్లో పడకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను, పొట్ట నొక్కొద్దని రెండుసార్లు చెప్పాను. లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. సాయంత్రానికి పడిందని మెసేజ్ పెట్టాడు, గుడ్డు ఫోటోతో సహా. మామూలు గుడ్డుకు ఒకటిన్నర రెట్లు ఉంది.

మీరు అడిగేటప్పుడు వయసు, జాతి, ఎప్పటి నుంచి, తింటోందా తాగుతోందా, రెట్ట ఎలా ఉంది, చివరి గుడ్డు ఎప్పుడు, కొత్తగా ఏం మారింది అన్నవి ముందే చెప్పండి. పగటి వెలుగులో తీసిన ఫోటో పెట్టండి. ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ మాత్రం వేయకండి. వేస్తే ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో ఉంటుంది, అది వైద్యుడే చెప్పాలి.

సాయంత్రం

కోళ్లకు చీకట్లో చూపు ఆనదు, పొద్దు వాలగానే వాటంతటవే గూటికి చేరి దుంగ మీద చోటు కోసం నెట్టుకుంటాయి. బాతులు అలా కాదు, చీకట్లోనూ బాగానే చూస్తాయి, ఇంకా ఆటలే. వాటిని పట్టుకోవడానికి పరుగెత్తారా, మీ పని అయిపోయినట్టే. నెమ్మదిగా నడవాలి. రెండు చేతులూ చాచండి, లేదా చేతికో పొడవాటి కర్ర పట్టుకోండి. కుడి చెయ్యి ఎత్తితే గుంపు ఎడమకు తిరుగుతుంది, ఎడమది ఎత్తితే కుడికి. తొందరపెట్టకపోతే ఒకదాని వెనక ఒకటి వరసగా, తమలో తాము ఏదో సణుక్కుంటూ పోతాయి. ఎత్తాల్సి వస్తే కాళ్లు పట్టి ఎత్తకండి, బాతు కాళ్లు బలహీనం. రెండు చేతులతో రెక్కల్ని ఒంటికి ఆనించి పట్టుకోండి.

గడప దగ్గర అన్నీ ఆగుతాయి, ముందున్నది ఒకసారి లోపలికి తొంగి చూస్తుంది. అప్పుడు మీరూ ఆగండి. ఒక అడుగు కూడా వేయొద్దు. అది లోపలికి వెళ్లాక మిగతావి దాని వెనకే వెళ్తాయి. నీళ్ల తొట్టి బోర్లించి, లెక్కపెట్టి, తలుపు మూసి గొళ్లెం వేయండి. ఆ తర్వాత కొక్కెం.